90 దగ్గర సీటు కింద వణుకు: ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్యాలెన్సింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చా?

రాతిరి_డ్రైవర్
నాది వెనక చక్రాలు తిప్పే బండి. ముందు ఇంజను, మధ్యలో పొడుగాటి షాఫ్ట్, వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ (షాఫ్ట్ తిరుగుడుని చక్రాలకు పంచే గేర్ల డబ్బా). షాఫ్ట్ వెనక క్రాస్ (షాఫ్ట్ యాంగిల్‌లో కూడా తిరిగేలా చేసే జాయింట్) అరిగిపోతే బయట ఒక మెకానిక్ దగ్గర కొత్తది వేయించాను. అప్పట్నుంచి స్పీడు 80 కిమీ దాటగానే సీటు కింద సన్నగా మొదలై, 90 దగ్గరికి వచ్చేసరికి లోపలి అద్దంలో వెనకొచ్చే బండి నంబరు ప్లేటు చదవలేనంతగా అదురుతోంది. 105 దాటితే కాస్త సర్దుకుంటుంది. స్టీరింగ్ మాత్రం అసలు కదలదు. నాలుగు చక్రాలూ బ్యాలెన్స్ చేయించాను, ఏ తేడా లేదు. షాఫ్ట్ బ్యాలెన్సింగ్ మిషన్ ఉన్న చోటు నాకు అందుబాటులో లేదు. షాఫ్ట్ చుట్టూ హోస్ క్లిప్పులు (రబ్బరు గొట్టాలకు వేసే స్క్రూ పట్టీలు) బిగించి, స్క్రూ తలనే బరువుగా వాడి ఇంట్లోనే సరిచేస్తారని విన్నాను. నిజంగా పనిచేస్తుందా, లేక టైం వేస్టా?

పానా_పట్టు
పనిచేస్తుంది బ్రో. కొన్ని అమెరికన్ కంపెనీల పాత సర్వీస్ మాన్యువల్స్‌లోనే ఈ క్లిప్పుల పద్ధతి ఉంది, ఎవరో సొంతంగా కనిపెట్టిన చిట్కా కాదు. కాకపోతే క్లిప్పుల దాకా వెళ్లేముందు అది షాఫ్టేనా కాదా తేల్చుకో. ఖాళీ రోడ్డు మీద 95కి తీసుకెళ్లి న్యూట్రల్‌లో వేసి వదిలెయ్. ఇంజను ఆఫ్ చేయకు, బ్రేకు బూస్టరూ పవర్ స్టీరింగూ పోతాయి. న్యూట్రల్‌లో కూడా అదే వణుకు, అదే స్పీడులో ఉంటే ఇంజను, మౌంటింగులు, క్లచ్ లెక్కలోంచి పోయినట్టే. న్యూట్రల్‌లో మాయమై, యాక్సిలరేటర్ తొక్కితేనే వస్తే అది బ్యాలెన్స్ గొడవ కాదు, జాయింట్ యాంగిలో సెంటర్ బేరింగో చూడాలి. అప్పుడు ఎన్ని క్లిప్పులు బిగించినా దండగే.

రాతిరి_డ్రైవర్
న్యూట్రల్‌లో కూడా ఉంది అన్నా. గేరులో ఉన్నా లేకపోయినా ఒకటే.

లెక్కల_మాస్టారు
అయితే ఫోన్ బయటికి తీయండి. ఇప్పటి ఫోన్లన్నింట్లో యాక్సిలరోమీటర్ ఉంటుంది. ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ అని ఒకటి ఉంది, వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. ఆ ఒక్క అంకెతో దొంగ దొరికిపోతాడు.

లెక్క ఇదీ. 90 కిమీ అంటే సెకనుకు 25 మీటర్లు. మీ టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు అనుకుందాం, అప్పుడు చక్రం సెకనుకు పన్నెండున్నర సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ రేషియో (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ అంకె) 4.1 అయితే షాఫ్ట్ అంతకు 4.1 రెట్లు, అంటే సెకనుకు 51 సార్లు, నిమిషానికి మూడు వేల పైచిలుకు. గ్రాఫ్‌లో శిఖరం 12–13 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్నిసార్లు) దగ్గర ఉంటే టైరు లేదా రిమ్ము. 51 దగ్గర ఉంటే షాఫ్ట్ బ్యాలెన్స్ లేదా షాఫ్ట్ వంకర. 102 దగ్గర ఉంటే క్రాస్ జాయింట్లు, ఎందుకంటే యాంగిల్‌లో తిరిగే క్రాస్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. మీ బండి రేషియో, టైరు సైజు వేసుకుని లెక్క మళ్లీ చేసుకోండి.

రెండు జాగ్రత్తలు. ఫోన్ సెకనుకు కనీసం 300 రీడింగులు తీసుకోవాలి. 100 మాత్రమే తీసే ఫోన్ 50 హెర్ట్జ్ పైన ఏదీ సరిగ్గా చూపలేదు, మీ 51ని 49 అని అబద్ధం చెబుతుంది, 102ని అయితే 2 దగ్గర పడేస్తుంది. ఇంకోటి, నాలుగో గేరు డైరెక్ట్ అయిన బండిలో ఆ గేరులో ఇంజనూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి ఏది ఏదో విడదీయలేం. పరీక్ష ఐదులో చేయండి.

కొత్త_స్టీరింగ్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ముందు చక్రాల బండి, నాకూ 60–70 మధ్య యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు వణుకు. దానికీ క్లిప్పులు వేయొచ్చా?

పానా_పట్టు
వద్దు తమ్ముడూ. ముందు చక్రాల బండిలో యాక్సిల్ షాఫ్టులు చక్రంతో సమానంగా తిరుగుతాయి, మాస్టారు చెప్పిన లెక్కలో 12 హెర్ట్జ్ అన్నమాట. ఆ వేగంలో రెండు మూడు గ్రాముల తేడా తెలియను కూడా తెలియదు. తొక్కినప్పుడే వణికి, వదలగానే ఆగిపోతుంటే గేర్‌బాక్స్ వైపు ఉండే లోపలి జాయింట్ అరిగి ఉంటుంది, దాన్ని చూపించు. పొడుగు యాక్సిల్ మీద లావుపాటి రబ్బరు ముద్ద ఉంటే అది డ్యాంపరు, పీకకు.

లేత్_మనిషి
ఆలస్యంగా చూశాను. క్రాస్ మార్చాకే మొదలైందంటున్నావు కదా, అంటే అంతకుముందు షాఫ్ట్ బాగానే ఉంది. విప్పి బిగించడంలో ఏదో మారింది. నేనైతే క్లిప్పులు పక్కనబెట్టి ముందు కింద పడుకుని చూస్తాను. ఇంజను ఆఫ్, చక్రాలకు అడ్డు, బండి స్టాండ్ల మీద. ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరొద్దు.

ముందు షాఫ్ట్‌ని గుడ్డతో మెరిసేదాకా తుడువు. ఎండిన మట్టి, చాసిస్‌కి కొట్టిన నల్ల పూత ఒకవైపు అంటుకున్నా వణుకుతుంది. తుడిచాక ట్యూబు చివర్లలో వెల్డింగ్ దగ్గర చూడు, ఫ్యాక్టరీవాళ్లు అంటించిన చిన్న ఇనుప బిళ్లలు ఉంటాయి. బిళ్ల ఉండాల్సిన చోట రెండు వెల్డు చుక్కలు, వాటి మధ్య నలుచదరంగా చుట్టుపక్కల కంటే వేరే రంగు మచ్చ కనిపిస్తే బిళ్ల ఊడిపోయిందని అర్థం. క్రాస్ మార్చేటప్పుడు యోక్‌ని (క్రాస్‌ని పట్టుకునే ఫోర్కు) సుత్తితో బాదేవాళ్ల చేతిలో ఇది మామూలే. ట్యూబు మీద సొట్ట ఉందేమో చేత్తో తడిమి చూడు, కంటికి కనిపించనిది వేలికి తగులుతుంది.

తర్వాత కొత్త క్రాస్. నాలుగు బేరింగు కప్పుల సర్‌క్లిప్‌లూ (కప్పుల్ని ఆపే స్ప్రింగు రింగులు) గాడిలో పూర్తిగా కూర్చున్నాయా? ఒక కప్పు అర మిల్లీ బయటికి ఉన్నా షాఫ్ట్ ఆ చివర పక్కకి జరిగి తిరుగుతుంది. ఇక ఫ్లాంజి, అంటే షాఫ్ట్‌ని హౌసింగ్‌కి బోల్టులతో బిగించే పళ్లెం. నాలుగు బోల్టులు విప్పి షాఫ్ట్‌ని 180 డిగ్రీలు తిప్పి బిగించు, పినియన్ (హౌసింగ్‌లో షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) ఫ్లాంజి వంకరా షాఫ్ట్ వంకరా ఒకదాన్నొకటి చంపుకుంటే నీ పని అక్కడే అయిపోతుంది. ఖర్చులేని పని, చాలామంది చేయరు. చివరిగా, మీ షాఫ్ట్‌లో మధ్యలో స్ప్లైన్ (పళ్లున్న జారే జాయింట్) ఉండి రెండు ముక్కలుగా ఊడేదైతే రెండు చివర్ల యోకులు ఒకే వరుసలో ఉన్నాయా చూడు. ఒక పన్ను తప్పించి ఎక్కించినా జాయింట్లు ఒకదాని తప్పు ఒకటి సరిచేసుకోలేవు.

చేతిపని_చిట్టి
ఇంత అవసరమా? షాఫ్ట్ విప్పేసి రెండు ఇనప పట్టీల మీద దొర్లించండి. బరువున్న వైపు కిందకి వచ్చి ఆగుతుంది. ఎదురుగా బరువు అంటించండి, అయిపోయె.

లేత్_మనిషి
గ్రైండింగ్ చక్రానికి సరిపోతుంది చిట్టీ, దీనికి సరిపోదు. దొర్లించేటప్పుడు చివర యోకులు వేలాడుతూ ఉంటాయి, అవి ఎటు వాలితే షాఫ్ట్ అటు తిరుగుతుంది. పైగా ఒక చివర పైవైపు, ఇంకో చివర కిందవైపు సమానంగా బరువు ఎక్కువుందనుకో. పట్టీల మీద ఎక్కడ వదిలినా కదలకుండా నిలబడుతుంది. అదే తిరిగేటప్పుడు రెండు చివర్లూ చెరో వైపు లాగుతాయి. అది తిప్పితేనే బయటపడే తేడా.

లెక్కల_మాస్టారు
ఎంత చిన్న బరువు గురించి మాట్లాడుతున్నామో కూడా చూడండి. 75 మిల్లీమీటర్ల ట్యూబు మీద 10 గ్రాములు ఎక్కువుంటే, 90 స్పీడులో అది దాదాపు 4 కిలోల బరువుతో సమానమైన బలంతో లాగుతుంది. సెకనుకు 51 సార్లు దిక్కు మారుస్తూ. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లు. ఐఎస్ఓ 21940 ప్రమాణంలో ఇలాంటి షాఫ్టులకు వాడే జీ16 గ్రేడు తీసుకుంటే, 8 కిలోల షాఫ్ట్‌కి ఈ వేగంలో ఒక్కో చివర వదిలేయదగ్గ తేడా 5 గ్రాముల చిల్లర. పట్టీల మీద ఆ 5 గ్రాములు ఏ క్రాస్ బిగువులోనో కలిసిపోతాయి.

రాతిరి_డ్రైవర్
గ్రాఫ్ తీశాను. 51 దగ్గర పెద్ద శిఖరం, 102 దగ్గర దాంట్లో సగం. 12 దగ్గర ఏమీ లేదు.

లేత్ అన్న చెప్పినట్టే తుడిచి చూశాను. నాది స్ప్లైన్ ఉన్న షాఫ్టే, యోకులు ఒక పన్ను తప్పి ఉన్నాయి! పక్కనుంచి చూస్తే ఠక్కున తెలియదు, రెండు యోకుల మీదా స్కేలు ఆనించి చూస్తే తెలిసింది. సరిచేసి ఎక్కించాక 102 దాదాపు పోయింది, లోపల బొంయ్‌మనే మోత కూడా పోయింది. కానీ 51 అలాగే ఉంది. ఫ్లాంజి 180 తిప్పితే ఇంకాస్త పెరిగింది, మళ్లీ వెనక్కి పెట్టేశాను. సర్‌క్లిప్‌లు బాగానే ఉన్నాయి. బిళ్లలు ముందు చివర ఒకటి ఉంది, వెనక చివర ఏదీ లేదు. వెల్డు మచ్చల్లాంటివి ఉన్నాయి గానీ తుప్పు వల్ల ఖాయంగా చెప్పలేను.

లేత్_మనిషి
ఊడిపోయే ఉంటుంది. క్లిప్పులకి ముందు ఒక్క పని మిగిలింది. డయల్ గేజ్ (సన్నటి కదలికని ముల్లుతో చూపే పరికరం) ఎవరి దగ్గరైనా దొరికితే ట్యూబు రెండు చివర్లా, మధ్యలో పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పి చూడు. అర మిల్లీ లోపు ఆడితే హాయి. ఒక మిల్లీ దాటితే షాఫ్ట్ వంగింది, వంగినదానికి క్లిప్పులు వేస్తే ఒక స్పీడులో తగ్గి ఇంకో స్పీడులో లేస్తుంది.

రాతిరి_డ్రైవర్
మధ్యలో 0.3, చివర్లలో ఇంకా తక్కువ. ఇక క్లిప్పులేనా? స్టాండ్ల మీద పెట్టి వెనక చక్రాలు తీసేసి గేరులో తిప్పమని ఒకరు చెప్పారు.

పానా_పట్టు
నేను అలాగే చేస్తాను. డ్రమ్ములు ఊడిపోకుండా వీల్ నట్లు తిరగేసి బిగించి, స్టాండ్లు యాక్సిల్ కింద పెట్టి...

లేత్_మనిషి
పానా, నీకు అలవాటు కాబట్టి చేస్తావు. ఇది చదివి ఎవరో సగం తెలుసుకుని చేస్తారు. మూడు వేల చుట్లు తిరిగే షాఫ్ట్ పక్కన మనిషి పడుకోవడం, దానికి సుద్దముక్క ఆనించి గీత పెట్టడం, చాసిస్ కింద స్టాండ్లు పెట్టి హౌసింగ్ వేలాడుతుంటే జాయింట్ యాంగిల్ పెరిగి లేని వణుకు రావడం, ఇవన్నీ చూశాను. నాలుగు చక్రాల డ్రైవ్ బండిని అయితే రెండే లేపి తిప్పితే స్టాండ్ల మీద నుంచి ముందుకి దూకుతుంది. రోడ్డు మీద కొలిస్తే ఏం పోయింది? అదే రోడ్డు ముక్క, అదే స్పీడు, అదే గేరు, అంతే.

పానా_పట్టు
సరే ఒప్పుకుంటున్నా. ఫోన్ ఉన్నాక సుద్దముక్క ఎందుకులే. రోడ్డే మేలు.

లెక్కల_మాస్టారు
రోడ్డు పద్ధతి చెబుతాను. నాలుగు రన్నులు చాలు, రన్ను అంటే ఒకసారి నడిపి కొలవడం.

ఫోన్‌ని వెనక సీటు కింద, హౌసింగ్‌కి పైన, నేల రేకు మీద గట్టిగా అంటించండి. చివరి రన్ను దాకా కదిలించొద్దు. క్లిప్పు లేకుండా 90లో 51 హెర్ట్జ్ శిఖరం ఎత్తు రాసుకోండి. తర్వాత షాఫ్ట్ వెనక చివర, వెల్డింగ్‌కి రెండు వేళ్ల ఎడంలో ఎక్కడో ఒకచోట సున్నా గుర్తు పెట్టి, ట్యూబు చుట్టుకొలతని మూడు సమాన భాగాలు చేయండి. 75 మిల్లీల ట్యూబుకి చుట్టుకొలత 236, అంటే గుర్తులు 0, 78.5, 157 మిల్లీల దగ్గర. ఒక హోస్ క్లిప్పు తీసుకుని స్క్రూ తల సున్నా మీదకి వచ్చేలా బిగించి ఒక రన్ను, తల రెండో గుర్తు మీద ఇంకో రన్ను, మూడో గుర్తు మీద ఇంకొకటి. నాలుగు అంకెలూ ఇక్కడ పెట్టండి.

లేత్_మనిషి
క్లిప్పు తోక మిగిలితే ముందే కత్తిరించెయ్, లేకపోతే అది కూడా బరువే. బిగించాక చేత్తో షాఫ్ట్ ఒక చుట్టు తిప్పి స్క్రూ తల హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌కీ సైలెన్సర్ గొట్టానికీ తగలట్లేదని చూడు. గుంటలో పడ్డప్పుడు హౌసింగ్ పైకి లేస్తుంది, ఆ జాగా కూడా వదలాలి. ట్యూబు మధ్యలో వేయకు, అక్కడ ట్యూబు వంగుతుంది, లెక్క తప్పుతుంది.

రాతిరి_డ్రైవర్
ఇవిగో. క్లిప్పు లేకుండా 0.80. సున్నా గుర్తు మీద 0.53. రెండో గుర్తు 0.87. మూడో గుర్తు 1.28, అప్పుడైతే డ్యాష్‌బోర్డ్ కూడా గలగల. ప్రతిదీ రెండుసార్లు తీసి చూశాను, దగ్గరదగ్గరగానే వచ్చాయి.

లెక్కల_మాస్టారు
చక్కటి అంకెలు. ఇప్పుడు కాగితం, కంపాస్. 0.80కి 8 సెంటీమీటర్లు అనుకుని ఆ వ్యాసార్థంతో వృత్తం గీయండి. దాని మీద 0, 120, 240 డిగ్రీల దగ్గర మూడు చుక్కలు. సున్నా చుక్క నుంచి 5.3 సెంటీల చాపం, 120 చుక్క నుంచి 8.7, 240 చుక్క నుంచి 12.8. మూడు చాపాలూ ఒకేచోట కలుస్తాయి. కాస్త అటూఇటూ అయితే మధ్యలో పడే చిన్న త్రిభుజం నడిమి చుక్క తీసుకోండి. వృత్త కేంద్రం నుంచి ఆ చుక్క దాకా గీత గీస్తే, గీత చూపించే దిక్కే బరువు పెట్టాల్సిన చోటు. నేను గీస్తే సున్నా నుంచి రెండో గుర్తు వైపు 40 డిగ్రీలు వచ్చింది. గీత పొడవు 5 సెంటీలు.

5 అంటే ఒక క్లిప్పు తల ప్రభావం. మనకు పోవాల్సింది 8. కాబట్టి 8ని 5తో భాగించి, 1.6 క్లిప్పు తలల బరువు 40 డిగ్రీల దగ్గర ఉండాలి. 1.6 క్లిప్పులు ఎక్కడా దొరకవు కాబట్టి రెండు ఒకేలాంటి క్లిప్పులు వేసి తలల్ని విడదీయాలి. రెండు తలలూ ఒకేచోట ఉంటే రెండు తలల బలం, 120 డిగ్రీల ఎడంలో ఉంటే ఒక్క తల బలం, ఎదురెదురుగా పెడితే సున్నా. 1.6 రావాలంటే మధ్య ఎడం 74 డిగ్రీలు. 40కి అటు 37, ఇటు 37, అంటే ఒక తల 3 డిగ్రీల దగ్గర, ఇంకోటి 77 దగ్గర. టేపుతో కొలిస్తే సున్నా గుర్తు నుంచి రెండో గుర్తు వైపు 2 మిల్లీలు, 50 మిల్లీలు.

కొత్త_స్టీరింగ్
స్కూల్లో ఈ వృత్తాలు ఎందుకు గీయించారో ఇప్పుడర్థమైంది 😀

రాతిరి_డ్రైవర్
0.12!! అద్దంలో నంబరు ప్లేటు అక్షరాలు చదువుకుంటూ వచ్చాను. మాస్టారూ, లేత్ అన్నా, పానా అన్నా, థాంక్స్ అంటే చిన్నమాట.

రెండు సందేహాలు మిగిలాయి. క్లిప్పులు ఇలాగే వదిలేయొచ్చా, లేక వాటి చోట బిళ్ల వెల్డింగ్ చేయించాలా? ఇంకోటి, 115 దగ్గర ఏదో సన్నగా మూలుగుతోంది, 90లో మాత్రం ఏమీ లేదు.

చేతిపని_చిట్టి
వెల్డింగ్ అయితే మా షెడ్డులో నిమిషం పని.

లేత్_మనిషి
ఆ నిమిషమే కొంప ముంచుతుంది. పలచటి ట్యూబు మీద ఒకవైపు మామూలు ఆర్క్ వెల్డింగ్ కొడితే అది చల్లారేటప్పుడు ఆ వైపుకి లాగి ట్యూబు వంగుతుంది, మనం వేసిన బరువు కంటే ఆ వంకర ప్రభావమే ఎక్కువ. ఎర్త్ ఎక్కడో చాసిస్‌కి తగిలిస్తే కరెంటు క్రాస్‌లోని సూది బేరింగుల గుండా పోయి వాటికి గుంటలు పడతాయి. క్లిప్పులు వదిలెయ్. స్టెయిన్‌లెస్‌వి అయితే ఉంటాయి, స్క్రూ పక్కన పెయింట్‌తో షాఫ్ట్ మీదకి ఒక గీత గీసుకో, ఆయిల్ మార్చినప్పుడల్లా ఆ గీత జరిగిందేమో చూడు. స్టీలు ట్యూబుకే ఇది, అల్యూమినియం దానికి తక్కువ బిగువుతో జాగ్రత్తగా, కార్బన్ ఫైబర్ దానికి అసలు వద్దు.

115 సంగతి ముందు చివరది అయ్యుండొచ్చు. మనం సరిచేసింది వెనక చివర ఒక్కటే.

లెక్కల_మాస్టారు
ముందు అంకె చూడాలి. 115లో మీ షాఫ్ట్ 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. శిఖరం అక్కడే ఉంటే ఫోన్‌ని గేర్‌బాక్స్ వైపు, ముందు సీట్ల మధ్య నేల మీద పెట్టి ఇదే నాలుగు రన్నుల ఆట ముందు చివర ఆడొచ్చు. అయితే ముందు చివర క్లిప్పు వేస్తే వెనక చివర అంకె కూడా కాస్త కదులుతుంది, తర్వాత వెనక తలల్ని కొంచెం సర్దాల్సి రావచ్చు. శిఖరం 130 దగ్గర ఉంటే బ్యాలెన్స్ కాదు, జాయింట్ల యాంగిల్. గేర్‌బాక్స్ వెనక కొసా పినియనూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో కొలవాలి, డిగ్రీకి మించి తేడా ఉండకూడదు.

పానా_పట్టు
గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బరు కూడా ఒకసారి చూడు. అది కుంగితే ముందు యాంగిల్ మారిపోతుంది, అక్కడ క్లిప్పుతో పనిలేదు.

రాతిరి_డ్రైవర్
130 అన్నా. 65 దగ్గర ఏమీ లేదు. మౌంటింగ్ కింద నుంచి రాడ్డుతో లేపి చూస్తే రబ్బరు ఒకవైపు రేకు నుంచి విడిపోయి ఉంది. కొత్తది వేశాక యాంగిల్ కొలిచి ఇక్కడే పెడతాను.

లేత్_మనిషి
యాంగిల్ కొలిచేటప్పుడు బండి నాలుగు చక్రాల మీద నేల మీదే ఉండాలి, స్టాండ్ల మీద కాదు. ట్యాంకు కూడా మామూలుగా ఎంత ఉంటుందో అంత ఉంచు.